విమానంలో కిటికీ సీటు: ఎండ పడకుండా, గోదావరి కనబడేలా ఎంచుకోవడం ఎలా?

మా అమ్మ మొదటిసారి విమానం ఎక్కింది హైదరాబాద్ నుంచి ఢిల్లీకి. పొద్దున ఏడున్నర ఫ్లైట్. కిటికీ సీటు దొరికితే చాలనుకుని కుడి వైపు ‘ఎఫ్’ సీటు తీసుకున్నాను. పైకి లేచిన కాసేపటికే ఎండ నేరుగా అమ్మ ముఖం మీద పడింది. కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపు చూసి కిటికీ తెర కిందికి లాగేసింది. ఢిల్లీలో దిగేదాకా మళ్లీ తెరవలేదు. అమ్మ పుట్టిల్లు ఆర్మూర్ దగ్గర. “గోదారి ఎక్కడొస్తది బిడ్డా?” అని ఆమె అడిగేసరికి విమానం మహారాష్ట్రలోకి వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణం సాయంత్రం. ఈసారి ముందు రోజే కాగితం మీద గీసుకుని లెక్క చూసి, ఎడమ వైపు ‘ఎ’ సీటు తీసుకున్నాను. ఎండంతా కుడి వైపు కూర్చున్నవాళ్లకు పడింది, మా వైపు హాయిగా ఉంది. దిగడానికి అరగంట ఉందనగా కిందుగా పెద్ద నీళ్లు, వాటికి ఒక చివర సన్నటి తెల్ల గీత కనబడ్డాయి. అమ్మ వేలు అద్దానికి ఆనించి, “గది మన పోచంపాడు డ్యామే గదా!” అంది. శ్రీరాంసాగర్‌ను అక్కడివాళ్లు ఇప్పటికీ పోచంపాడు అనే అంటారు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు 42 గేట్లు పైనుంచి ఒక్క గీతలా కనిపిస్తాయి. ఆ గీత కనుమరుగయ్యేదాకా ఆమె మెడ తిప్పలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు విమానం ఎక్కినా సీటు నేనే చూసి పెడుతున్నాను. ఎలా చూడాలో వరసగా చెబుతాను. మొదటిసారి ఒక పావుగంట పడుతుంది. అలవాటైతే రెండు నిమిషాల పని.

1. విమానం ఏ దిక్కుకు వెళ్తుందో చూడండి

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, బయల్దేరే ఊరికీ దిగే ఊరికీ మధ్య గీత ఊహించుకోండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఉత్తరం. ముంబై వాయవ్యానికి దగ్గరగా పడమర. విశాఖ తూర్పు. తిరుపతి, చెన్నై దక్షిణం వైపు, కొంచెం ఆగ్నేయంగా. వాస్తు చూసే అలవాటున్న మనకు ఈశాన్యం, నైరుతి కొత్తగా నేర్పనక్కర్లేదు కాబట్టి ఈ లెక్క తొందరగా వస్తుంది.

ఇప్పుడు ఇంట్లోనే ఆ దిక్కుకు తిరిగి నిలబడండి. మీ ఎడమ చెయ్యి వైపు ఉండేది ‘ఎ’ సీటు, కుడి చెయ్యి వైపు ఉండేది ‘ఎఫ్’ సీటు. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఎ320, బోయింగ్ 737 విమానాల్లో వరసకు మూడు, మూడు సీట్లు, కిటికీలు ఈ రెండు అక్షరాలకే. విదేశాలకు వెళ్లే పెద్ద విమానాల్లో ఎడమ కిటికీ ‘ఎ’నే, కుడి కిటికీ మాత్రం ‘కె’ లేదా ‘ఎల్’ అవుతుంది. సీట్ మ్యాప్‌లో విమానం ముక్కు పైకి ఉందా, పక్కకు ఉందా అన్నది కూడా చూసుకోండి. ఫోన్‌లో మ్యాప్ అడ్డంగా చూపిస్తే కుడి ఎడమలు తారుమారుగా అర్థం చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

2. ఆ టైమ్‌కి సూర్యుడు ఎక్కడుంటాడో చూడండి

బయల్దేరే టైమ్ కాదు, ప్రయాణం మధ్యలో ఉండే టైమ్ లెక్కలోకి తీసుకోండి. ఉత్తరం, దక్షిణం వెళ్లే విమానాలకు ఇది చాలా సులువు. ఢిల్లీ వెళ్లేటప్పుడు కుడి చెయ్యి తూర్పు. కాబట్టి పొద్దున ‘ఎఫ్’ వైపు ఎండ, ‘ఎ’ వైపు నీడ. సాయంత్రం దీనికి తిరగేసి. ఢిల్లీ నుంచి వచ్చేటప్పుడు ఎడమ చెయ్యి తూర్పు అవుతుంది, అన్నీ మారిపోతాయి. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొస్తే రెండుసార్లూ ‘ఎ’ సీటే నీడ సీటు. తిరుగు టికెట్‌కి అక్షరం మార్చాలేమో అని చాలామంది అనుకుంటారు, ఇక్కడ మార్చకూడదు.

తూర్పు, పడమర వెళ్లేవాటికి కాలం కూడా చూడాలి. సూర్యుడు ఏడాది పొడవునా సరిగ్గా తూర్పునే ఉదయించడు. సంక్రాంతి రోజుల్లో ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు, ఉగాది ప్రాంతంలో దాదాపు నడి తూర్పున, జూన్‌లో ఈశాన్యం వైపున. హైదరాబాద్ నుంచి విశాఖకు పొద్దున వెళ్తున్నారనుకోండి. ఎండ ముందు నుంచే వస్తుంది గానీ, జనవరిలో కుడి పక్కకు, జూన్‌లో ఎడమ పక్కకు ఒరుగుతుంది. అందుకే చలికాలం ‘ఎ’, జూన్‌లో ‘ఎఫ్’. విశాఖ నుంచి సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు చలికాలంలో సూర్యుడు నైరుతి వైపు ఉంటాడు, అంటే ‘ఎ’ వైపు ఎండ. జూన్‌లో వాయవ్యం వైపు ఉంటాడు, అప్పుడు ‘ఎఫ్’ వైపు ఎండ.

మధ్యాహ్నం ప్రయాణమైతే సూర్యుడు దక్షిణాన ఉంటాడనుకోండి, ఏడాదిలో ఎక్కువ భాగం అది నిజం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మాత్రం మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. ఆ రోజుల్లో పన్నెండు గంటల ఫ్లైట్‌కి ఎండ విమానం పైకప్పు మీద పడుతుంది, ఏ కిటికీలోంచీ పెద్దగా లోపలికి రాదు. అప్పుడు ఎండ సంగతి వదిలేసి ఏం చూడాలో దాన్ని బట్టి సీటు తీసుకోండి.

3. నీడ వైపే ఎందుకు?

ఎండ పడకపోవడం ఒక్కటే అయితే తెర దించుకుంటే సరిపోతుంది. నీడ వైపు కూర్చోమనడానికి అసలు కారణం వేరే ఉంది: నేల బాగా కనిపించేది అటువైపే. ఎండ మీ వెనక నుంచి పడి కింద ఉన్న పొలాలను, కొండలను వెలిగిస్తుంది. రంగులు తేటగా కనిపిస్తాయి. ఎండ వైపు కూర్చుంటే గాలిలోని దుమ్ము, పొగమంచు అంతా తెల్లగా మెరుస్తుంది. విమానం కిటికీలకు వాడేది మామూలు గాజు కాదు, యాక్రిలిక్. దాని మీద సన్నటి గీతలు చాలా ఉంటాయి. ఎండ నేరుగా పడితే ఆ గీతలన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, ఇక బయట ఏమీ కనబడదు.

నీడ వైపు ఇంకో బహుమతి ఉంది. కిందుగా మబ్బులు పరుచుకుని ఉన్నప్పుడు మన విమానం నీడ వాటి మీద పడుతుంది. ఆ నీడ చుట్టూ గుండ్రంగా ఇంద్రధనుస్సు రంగుల వలయం కనిపిస్తుంది. దీన్ని ఇంగ్లిష్‌లో గ్లోరీ అంటారు. మబ్బులోని సన్నటి నీటి బొట్లు వెలుగును వెనక్కి తిప్పి పంపడం వల్ల వస్తుంది. సూర్యుడికి సరిగ్గా ఎదురు వైపునే ఉంటుంది కాబట్టి ఎండ వైపు కూర్చున్నవాళ్లకు ఎప్పటికీ కనబడదు. పిల్లలకు తప్పకుండా చూపించండి. సూర్యాస్తమయం అయ్యాక కూడా నీడ వైపే చూడండి. తూర్పున అంచు వెంబడి నీలిబూడిద రంగు పట్టీ, దానిపైన గులాబీ పట్టీ లేస్తాయి. ఆ నీలిది భూమి నీడ. పౌర్ణమి సాయంత్రం అయితే ఆ పట్టీల్లోంచే చంద్రుడు పైకి వస్తాడు.

ఎండ వైపు నేను కావాలని కూర్చునేది ఒక్క సందర్భంలోనే. వానలు పడి చెరువులు నిండిన సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో, పొద్దు వాలే టైమ్‌లో తెలంగాణ మీదుగా వెళ్తుంటే. సూర్యుడి వెలుగు ఒక చెరువు మీద తళుక్కుమని, ఆరిపోయి, వెంటనే పక్క చెరువు మీద వెలుగుతుంది. తర్వాత కాలువ, తర్వాత నాటు వేసిన మడి. గొలుసుకట్టు చెరువులు అన్న మాటకు అర్థం అప్పుడు కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. చలువ కళ్లజోడు పెట్టుకుని చూడండి, ఎండ నేరుగానే పడుతుంది మరి.

4. దారిలో ఏముందో తెలుసుకోండి

మ్యాప్‌లో మీరు గీసిన గీత అంచనా మాత్రమే. విమానం అసలు ఏ దారిన పోతుందో తెలియాలంటే ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో మీ ఫ్లైట్ నంబర్ కొట్టండి. గత కొద్ది రోజుల్లో అదే ఫ్లైట్ ఏ దారిలో వెళ్లిందో గీసి చూపిస్తుంది. రెండు మూడు రోజులవి చూస్తే దారి ఎటో, ఏ వైపు నుంచి దిగుతోందో తెలిసిపోతుంది.

ఆ దారి పక్కన మీకు కావల్సిన చోటు ఎంత దూరంలో ఉందో కొలవండి. సరిగ్గా కింద ఉన్నది కనబడదు, విమానం పొట్టే అడ్డం వస్తుంది. పది కిలోమీటర్ల ఎత్తున ఎగురుతున్నప్పుడు పక్కకు పది నుంచి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్నవి బాగా కనిపిస్తాయి. టైమ్ కూడా లెక్క కట్టొచ్చు. జెట్ విమానం నిమిషానికి సుమారు 13 కిలోమీటర్లు పోతుంది. దూరాన్ని 13తో భాగించి, పైకి లేచే వేగం తక్కువ కాబట్టి ఒక ఐదు నిమిషాలు కలపండి. ఆ టైమ్ ఫోన్‌లో అలారం పెట్టుకుంటే నిద్రపోయినా పర్లేదు.

మన దారుల్లో నాకు బాగా తెలిసినవి చెబుతాను. హైదరాబాద్ నుంచి ఢిల్లీ దారి మామూలుగా బాసరకూ శ్రీరాంసాగర్‌కూ మధ్యగా గోదావరిని దాటుతుంది. వెళ్లేటప్పుడు జలాశయం కుడి వైపు, వచ్చేటప్పుడు ఎడమ వైపు. విజయవాడ వెళ్లేటప్పుడు కుడి వైపు నాగార్జునసాగర్. తిరుపతి వెళ్లేటప్పుడు శ్రీశైలం దాదాపు కిందికే వస్తుంది. డ్యాం ఎడమ పక్కకు, వెనక నీళ్లు పరుచుకున్న భాగం కుడి పక్కకు ఉంటాయి, తర్వాత నల్లమల. విశాఖ దారి పాపికొండల ప్రాంతం మీదుగా పోతుంది. రాజమండ్రి దగ్గర వెడల్పైన గోదావరి దక్షిణాన ఉంటుంది కాబట్టి విశాఖ వెళ్లేటప్పుడు ‘ఎఫ్’, వచ్చేటప్పుడు ‘ఎ’. చలికాలం పొద్దున విశాఖ వెళ్తుంటే నీడ ఒక వైపు, గోదావరి ఇంకో వైపు పడతాయి. అలాంటప్పుడు నేను గోదావరి వైపే కూర్చుంటాను.

దిగేటప్పుడు ఏం కనబడుతుందో రన్‌వే దిక్కును బట్టి ఉంటుంది. రేణిగుంటలో రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, తిరుమల కొండలు దానికి వాయవ్యంగా, ఉత్తరంగా ఉన్నాయి. తూర్పు నుంచి దిగితే కొండలు కుడి చెయ్యి వైపు, పడమర నుంచి దిగితే ఎడమ చెయ్యి వైపు. శంషాబాద్‌లో కూడా రన్‌వే తూర్పు పడమరలే. నగరం, హిమాయత్‌సాగర్, గండిపేట అన్నీ ఉత్తరాన ఉంటాయి. గాలి తిరిగితే దిగే వైపు మారుతుంది కాబట్టి దిగడం కోసం మొత్తం సీటు ఎంపిక మార్చుకోకండి, రాత్రి ఫ్లైట్ అయితే తప్ప. రాత్రి చూడటానికి ఊరి దీపాలే కదా ఉండేవి.

హిమాలయాల కోసం ఒక్క మాట గుర్తుంటే చాలు: కొండలు ఉత్తరాన ఉన్నాయి. ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రా, గువాహటి, ఖాట్మండు వెళ్లేటప్పుడు ఎడమ ‘ఎ’, తిరిగొచ్చేటప్పుడు కుడి ‘ఎఫ్’. ఆకాశం తేటగా ఉంటే బాగ్‌డోగ్రా దారిలో ఎవరెస్టు, కాంచన్‌జంగ రెండూ కనిపిస్తాయి. ఢిల్లీ నుంచి లేహ్ ఫ్లైట్లు పొద్దునే ఉంటాయి. అప్పుడు ఎడమ వైపు నీడ, పైగా 7,000 మీటర్లు దాటిన నున్, కున్ శిఖరాలు కూడా ఎడమ వైపే. ఎండ వాటి ముఖాన పడుతుంది. ఆ సీటుకు ఎంత డబ్బులు కట్టినా బాధపడరు.

5. వరస సంగతి

అక్షరం తేలాక నంబర్. ఎ320లో సుమారు 9 నుంచి 20 వరసల దాకా కింద రెక్క అడ్డం వస్తుంది. రెక్కకు ముందు వరసలు అన్నిటికంటే మంచివి. శబ్దం తక్కువ, కిందికి చూపు ఆనుతుంది. రెక్కకు సరిగ్గా వెనక ఉన్న రెండు మూడు వరసల్లో ఇంజిన్ వేడి గాలి వల్ల నేల అలలుగా వణుకుతూ కనిపిస్తుంది, ఫోటోలు మసకగా వస్తాయి. ఇంకా వెనక్కి, చివరి ఐదారు వరసల్లోకి వెళ్తే మళ్లీ బాగుంటుంది. ఎమర్జెన్సీ ఎగ్జిట్ వరసల్లో కాళ్లకు చోటు ఉంటుంది గానీ అవి రెక్క మీదే ఉంటాయి. పిల్లలకు, గర్భిణులకు, పెద్ద వయసువాళ్లకు ఆ సీట్లు ఇవ్వరు.

కిటికీ సీటు అని డబ్బులు కట్టాక గోడ ఎదురైన అనుభవం నాకు ఒకసారి అయింది. విమానం తయారు చేసేవాళ్లు కిటికీలు ఒక లెక్కలో పెడతారు, ఎయిర్‌లైన్స్‌వాళ్లు సీట్లు వేరే లెక్కలో బిగిస్తారు. దాంతో కొన్ని వరసల్లో కిటికీ మీ భుజం వెనక్కి పోతుంది. బోయింగ్ 737లో రెక్కకు ముందు ఒక చోట ఏసీ గొట్టం గోడలోంచి పైకి వెళ్తుంది, అక్కడ కిటికీయే ఉండదు. ఏరోలోపా అనే వెబ్‌సైట్‌లో ఏ వరసకు కిటికీ ఎక్కడ పడుతుందో బొమ్మ గీసి ఉంటుంది. డబ్బులు కట్టేముందు ఒక్క నిమిషం అది చూడండి.

ఏటీఆర్ విమానమైతే ఈ గొడవ చాలా వరకు లేదు. చిన్న ఊళ్లకు తిరిగే ఆ ఫ్యాన్ విమానంలో రెక్క కిటికీలకు పైన ఉంటుంది. పైగా తక్కువ ఎత్తున ఎగురుతుంది. ఊళ్లు, రోడ్లు, వాగులు గుర్తుపట్టొచ్చు. ఫ్యాన్ పక్క వరసలు మాత్రం వదిలేయండి, శబ్దం ఎక్కువ.

6. సీటు తీసుకోవడం

టికెట్ కొన్నప్పుడే సీటు కొంటే కోరుకున్నది దొరుకుతుంది. డబ్బులు పెట్టడం ఇష్టం లేకపోతే వెబ్ చెక్-ఇన్ తెరిచిన వెంటనే చూడండి, చాలా దేశీయ ఎయిర్‌లైన్స్‌కి అది 48 గంటల ముందు తెరుచుకుంటుంది. ఉచిత సీట్లు వెనక వరసల్లోనే మిగులుతాయి. మనకు చివరి వరసలు పనికొస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. అప్పటికీ దొరకకపోతే ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో మర్యాదగా అడగండి: “అమ్మగారు మొదటిసారి ఎక్కుతున్నారండి, ఎడమ వైపు కిటికీ ఏమైనా ఉందా?” ఎక్కాక పక్కవాళ్లను అడిగితే ఇచ్చేవాళ్లూ ఉంటారు, కానీ డబ్బులు కట్టి తీసుకున్నవాళ్లను రెండోసారి అడగకండి.

అమెరికా వెళ్లేవాళ్లకు కూడా ఇదే లెక్క. దోహా, దుబాయ్ నుంచి పొద్దున బయల్దేరి పడమరకు పోయే విమానంలో ప్రయాణం మధ్య భాగంలో సూర్యుడు ఎక్కువగా దక్షిణాన, అంటే ఎడమ వైపు ఉంటాడు. నిద్రపోవాలన్నా, కింద గ్రీన్‌లాండ్ మంచు కళ్లు చెదరకుండా చూడాలన్నా కుడి వైపు మేలు. బోయింగ్ 787 అయితే కిటికీకి తెర ఉండదు, బటన్ నొక్కితే అద్దం నీలంగా ముదురుతుంది. పూర్తి చీకటి కాదు కాబట్టి అందులో నీడ వైపు సీటు ఇంకా అవసరం. భోజనాలయ్యాక క్రూ అన్ని కిటికీలూ ఒకేసారి ముదురు చేస్తారు, చూడాల్సింది ఉంటే అంతకుముందే చూసేయండి.

7. ఎక్కాక

కూర్చోగానే మెత్తటి పొడి గుడ్డతో లోపలి అద్దం తుడవండి. ముందు కూర్చున్నవాళ్ల తల నూనె మరక ఉంటుంది. ఫోటో తీసేటప్పుడు ఫోన్ అద్దానికి దగ్గరగా పెట్టి, కొంగుతోనో జాకెట్‌తోనో చుట్టూ కప్పితే లోపలి లైట్ల ప్రతిబింబం రాదు. ఫ్లాష్ ఆపేయండి. అద్దం కింది భాగంలో సూది బెజ్జం లాంటి చిన్న రంధ్రం కనిపిస్తుంది. కంగారు పడకండి, పొరల మధ్య గాలి ఒత్తిడి సర్దడానికి దాన్ని కావాలనే పెట్టారు. పైకి వెళ్లాక దాని చుట్టూ మంచు పూరేకుల్లా పేరుకుంటుంది. అది కూడా చూడదగ్గదే.

టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు తెర తెరిచి ఉంచమంటారు, ఏదైనా జరిగితే బయట పరిస్థితి కనబడాలి కాబట్టి. ప్రస్తుతం విశాఖ, లేహ్, పుణె, శ్రీనగర్ లాంటివి రక్షణ శాఖ విమానాశ్రయాలు. అక్కడ నేల మీద, ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు ఫోటోలు తీయకూడదు. క్రూ తెర దించమంటే దించండి.

పైకి లేచిన మొదటి పది నిమిషాల్లో ఎండ మీ వైపే పడితే లెక్క తప్పిందని టెన్షన్ పడొద్దు. రన్‌వే ఏ దిక్కుకుంటే విమానం ముందు ఆ దిక్కుకే లేస్తుంది, తర్వాత ఒక చుట్టు తిరిగి అసలు దారి పట్టుకుంటుంది. శంషాబాద్ నుంచి పొద్దున ఢిల్లీ వెళ్తూ ‘ఎ’లో కూర్చున్నారనుకోండి. మలుపులో ఒక్కసారి ఎండ మీ ఒళ్లో పడి, ముందు సీటు మీదికి జరిగి, కిటికీ దాటి వెళ్లిపోతుంది. అది వెళ్లిపోయాక తెర పూర్తిగా పైకి లేపి ఉంచండి.